నక్కతోక

"ఏవండీ, వాళ్లు మళ్లీ మన వెనకే వస్తున్నారు."

"రానీ. నా వెనక రాక ఇంకెక్కడికి పోతారు?"

కళ్లజోళ్లాయన అద్దంలో చూసి మీసం దువ్వుకున్నాడు. వెనక నాలుగు కార్లు, ఒక స్కూటరు. ప్రతిదాంట్లోంచీ ఒక ఏంటెన్నా బయటికి పొడుచుకొచ్చి ఉంది. "వాళ్లు సిగ్నల్ వెతకడం ఎప్పుడో మానేశారు. నేనెటు తిరిగితే అటు తిరగడమే వాళ్ల విద్య" అన్నాడు జాలిగా.

ఆయనకు బజారులో కళ్లజోళ్ల షాపు ఉంది. ఆదివారం వస్తే మాత్రం రేడియో క్లబ్బు వేటగాడు. ఆ వేట సంగతేమిటంటే, క్లబ్బులో ఒకరు సబ్బుపెట్టెంత ట్రాన్స్‌మిటర్‌ని ఊళ్లో ఎక్కడో దాస్తారు. మిగతావాళ్లు రిసీవర్లు పట్టుకుని, దాని కూత ఏ దిక్కునుంచి వస్తోందో చూసుకుంటూ వెళ్లి పట్టుకోవాలి. దాని ముద్దుపేరు నక్క. దానికి వేలాడే తీగ తోక. ముందు పట్టినవాళ్లదే కప్పు. మూడేళ్లుగా ఆ కప్పు కళ్లజోళ్లాయనదే. "నక్కతోక తొక్కి పుట్టినవాణ్ణి" అని ఆయన చెప్పుకోని మనిషి లేడు, చత్వారానికి అద్దాలు మార్పించుకోవడానికొచ్చిన ముసలాయనతో సహా.

ఈసారి పక్కన భార్య కూడా కూర్చుంది. సరదాకి కాదు. ఇంట్లో రెండో గది నిండా ఆయన రేడియోలు, వైర్ల చుట్టలు, కప్పులు. ఆవిడ కుట్టుమిషనేమో వంటింట్లో, గ్యాస్ పొయ్యి పక్కన. మొన్న ఎవరిదో పట్టు జాకెట్టు మీద నూనె చింది, ఆ వచ్చినావిడ నానా మాటలూ అని పోయింది. ఆరోజు ఇంట్లో పెద్ద రభస. మాటా మాటా పెరిగి, "ఈసారి నేను ఓడితే గది నీదే, పో!" అనేశాడు కళ్లజోళ్లాయన.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నక్కను దాచే వంతు ఈసారి బావమరిదిది. వాణ్ణి షాపుకి పిలిచి, ఖరీదైన చలవ కళ్లజోడు ఉచితంగా పెట్టి, మెల్లగా కూపీ లాగాడు.

"పాత నీళ్ల ట్యాంకు వెనక ఉంటుంది బావా" అన్నాడు వాడు అద్దంలో చూసుకుంటూ. "అక్కకి మాత్రం చెప్పకు."

జాడ తెలిశాక ఇంకా వినేదేముంది? క్లబ్బు సెక్రటరీ ఈసారి కొత్తగా చేర్చిన షరతులు చదువుతుంటే ఆయన ఆవలిస్తూ నిలబడ్డాడు. కారెక్కగానే రిసీవర్ ఆపేశాడు. ఏంటెన్నా మాత్రం చూసేవాళ్ల కోసం కిటికీలోంచి బయటపెట్టి అటూ ఇటూ ఊపుతున్నాడు.

"ఒక్కసారి ఆ రేడియో పెట్టి వినకూడదూ?" అంది భార్య, ఎవరి జాకెట్టుకో హుక్కులు కుడుతూ.

"వినడాలు నేర్చుకునేవాళ్లకి. నాకు వాసన చాలు."

"మీ ఇష్టం. తర్వాత నన్ననకండి."

"నీకేం తెలుసు ఇందులో? నువ్వు హుక్కులు కుట్టుకో. ముందా సంచి వెనక సీట్లో పడెయ్, ఒళ్లో దేనికి?"

"సూదులున్నాయి, ఉండనివ్వండి."

"ఆ దారాలు చూడు, తలుపు సందులోంచి బయటికి వేలాడుతున్నాయి! ఎక్కడికెళ్లినా దుకాణం వెంట ఉండాల్సిందేనా?"

"మీ దుకాణం గదంతా ఉంది. నాది ఒళ్లో పట్టింది."

ఆయన ముఖం గంటు పెట్టుకుని, వెనకవాళ్లను వదిలించుకుందామని ఆసుపత్రి పక్క సందులోకి తిప్పాడు. కారొస్తే మనుషులు గోడకి అతుక్కోవలసిన సందు. అవతల తేలేసరికి, ఇందాక వెనక వస్తున్న క్లబ్బు పళ్ల డాక్టరమ్మ ఆ చివర్లోనే కారాపి, ఏంటెన్నా సరిగ్గా ఆయన ముఖానికి గురిపెట్టి నిలబడి ఉంది.

"చూశావా? ఎటు పోతానో ముందే లెక్కేసింది పాపం!" అని మురిసిపోయి, ఆవిడకి చెయ్యి ఊపాడు.

"ఇప్పటికైనా ఆ రేడియో పెట్టండీ" అంది భార్య.

"నోరు మూసుకుని కూర్చుంటావా లేదా?"

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

ట్యాంకు వెనక కారాపి, గభాలున దిగి పొదల్లోకి దూరాడు. ముళ్లు గీరాయి. చిరిగిన టైరు దొరికింది, పగిలిన బకెట్టు దొరికింది. నక్క లేదు. ట్యాంకు కాళ్ల సందుల్లో చూశాడు, మురిక్కాలవ పలకలెత్తి చూశాడు. చొక్కా పాడైందే తప్ప ఫలితం లేదు. గది చేజారిపోతున్నట్టు అనిపించింది.

తిరిగొచ్చేసరికి అందరూ దిగి కారు చుట్టూ చేరారు. ఏంటెన్నాలన్నీ ఆయన కారు వైపే తిరిగి ఉన్నాయి.

"సిగ్గు లేదూ? ఎంతసేపూ నా వెంట పడటమేనా? సొంతంగా వెతుక్కోండి!" అని అరిచాడు.

"వెతుక్కుంటూనే వచ్చాం సార్" అంది పళ్ల డాక్టరమ్మ.

స్కూటరు వెనక సీటు మీద, చలవ కళ్లజోడుతో బావమరిది కనిపించాడు. కళ్లజోళ్లాయనకు ఒళ్లు మండిపోయింది.

"ఏరా! ట్యాంకు వెనక అన్నావు, ఏదిరా?"

అందరూ బావమరిది వైపు తిరిగారు. మూడు కప్పుల మర్మం ఏమిటో అక్కడ విప్పి చెప్పాల్సిన పనిలేకపోయింది.

"నేను అబద్ధం చెప్పలేదు బావా" అన్నాడు వాడు. "ఇప్పుడది ట్యాంకు వెనకే ఉంది."

"నాతోనే వేళాకోళమా!" అంటూ వాడి మీదికి ఉరకబోయాడు. కారు తలుపులోంచి వేలాడుతున్న నల్లటి దారమేదో కాలికి అడ్డం పడి తూలాడు.

"అయ్యో, కాలు తియ్యండి, తెగుతుంది!" అంది భార్య, సంచి రెండు చేతులా పట్టుకుని.

"తెగనీ, వెధవ దారం!" అంటూ ఇంకా గట్టిగా తొక్కాడు.

ఆయన కాలికింద ఉన్నది దారం కాదు, నక్కతోక.