అతిథి మార్కులు

మదనపల్లెలో ఆ రెస్టారెంటు నడిపేది కేటరింగ్ కాలేజీ పిల్లలే. ఆఖరి పరీక్షలో తినడానికి వచ్చిన అతిథి వేసిన మార్కులే మార్కులు. ఇంటివాళ్లు, చుట్టాలు మాత్రం వేయకూడదు.

భార్గవి వండిన రాగిసంగటి, నాటుకోడి పులుసు ఆమె బల్ల దగ్గర అతిథిగా కూర్చున్నాయన తలెత్తకుండా తిన్నాడు. రెండోసారి పులుసు పోయించుకుని వేళ్లు కూడా నాకాడు.

"ఇంకేమన్నా కావాలా సార్?"

"సాలమ్మా. ఆ మార్కుల కాగితం ఇట్లియ్యి."

పదికి రెండు వేశాడు. కింద 'ఉప్పెక్కువ, సంగటి నిండా ఉండలు' అని రాశాడు.

భార్గవి తుడిచినట్టున్న పళ్లెం వంక, కాగితం వంక మార్చి మార్చి చూసింది. ఫెయిలు. బెంగుళూరు హోటల్లో ఖాయమైన ఉద్యోగం ఇక లేదు.

"యాల ఇట్ల సేసినావు నాన్నా?" అంది, పక్కవాళ్లకు వినపడకుండా.

"ఇంత రుచిగా వండేదాన్ని బెంగుళూరికి పంపి, పుంగనూర్లో నా మెస్సు మూసుకోమంటావా? రేప్పొద్దున పొయ్యి కాడికి వచ్చేయ్."

పరీక్ష పెడుతున్న మేడం వైపు భార్గవి రెండడుగులు వేసి ఆగిపోయింది.

పదికి పది వేస్తాడన్న ఆశతో, ఈయనెవరో తనకు తెలియదని పొద్దున మేడంకు సంతకం పెట్టి ఇచ్చింది తనే.