గురువారం హెడ్‌సెట్లు

హిల్డీ కొత్త హెడ్‌సెట్‌ను షెడ్డు నేల మీద పెట్టి, రబ్బరు బూట్లతో దాని మీదెక్కి నిలబడింది. విరగలేదు.

“ఇది నిలబడేలా ఉందిరా,” అంది తమ్ముడితో.

అలాస్కాలో రోడ్డు లేని ఊళ్ళ మధ్య ఆ అక్కాతమ్ముళ్ళు ఆరు సీట్ల విమానం ఒకటి నడుపుతున్నారు. వెండెల్ పైలట్. రిపేర్లన్నీ హిల్డీవి. ఇంజను హోరులో పక్కవాడి మాట వినాలంటే హెడ్‌సెట్ ఉండాల్సిందే. కానీ వేటగాళ్ళు దాన్ని తీగ పట్టుకుని గుంజుతారు. జాలరులు సాల్మన్ చేపల జిగురు చేతులతోనే తగిలించుకుంటారు. ఒక పెద్దమనిషి దాని మీదే కూర్చుని గంటసేపు ప్రయాణం చేసి, దిగేటప్పుడు సీటు మెత్తగా లేదన్నాడు. ఆ వేసవికి పాతవన్నీ చచ్చాయి.

“ఒక్కో రకం ఒక్కో వారం వాడి చూద్దాం. నెగ్గిన రకానివి ఆరు తెప్పిద్దాం,” అంది హిల్డీ.

“విరక్కపోతే చాలదక్కా. మాట వినపడాలి.”

“ఎవరికి వినిపిస్తావ్? మనవాళ్ళు ఎక్కగానే గురక పెడతారు.”

“గురువారం డాక్టరుగారు వస్తారుగా.”

అంటూనే వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. హిల్డీ చూసి, చూడనట్టు బూటు తుడుచుకుంది.

డాక్టరుగారంటే కొరిన్. ఊరూరా తిరిగి పళ్ళు బాగుచేస్తుంది. ఆమె పని సెప్టెంబరు ఆఖరి గురువారంతో అయిపోతుంది, తర్వాత దూరాన ఓరెగన్ రాష్ట్రానికి వెళ్ళిపోతుంది. ఇంకా అయిదు గురువారాలున్నాయి. నేల మీద ఆమె ఎదుట వెండెల్ నోరు పెగలదు. గాల్లో అయితే చేతులకి పని ఉంటుంది, చూపు ముందుకుంటుంది. అక్కడే అతనికి ధైర్యం.

మొదటి గురువారం, నది దాటాక గొంతు సవరించుకున్నాడు.

“డాక్టరుగారూ, మా ఇల్లు కురవదు.”

కొరిన్ చెవి మీద డిప్పను నొక్కుకుంది. “ఏమన్నారు? గరగరమంటోంది.”

వెండెల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంత చెత్తగా మొదలుపెట్టింది ఆమెకు వినపడనందుకు ఇంజనుకి దణ్ణం పెట్టుకున్నాడు. దిగగానే హెడ్‌సెట్ విప్పి అక్క చేతిలో పెట్టాడు. “పనికిరాదు.”

“నా బూట్లకి తట్టుకుందిరా.”

“మాట పోవట్లేదక్కా.”

రెండోది ఇనప పట్టీది. హిల్డీ దాన్ని తలుపు సందులో పెట్టి మూడుసార్లు వేసి చూసి ఇచ్చింది.

“మా ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది. ఇద్దరికి సరిపోతుంది,” అన్నాడు వెండెల్ ఆకాశంతో.

“ఈసారి అసలేమీ లేదండీ,” అంది కొరిన్.

మూడోదానికి తీగ వేలంత లావు. ఆ వారం అతను తన గురించి చెప్పుకోవాలని నిశ్చయించుకున్నాడు. “నాకు నలభై ఒకటి. పళ్ళన్నీ సొంతవే.”

కొరిన్ కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది. జలుబు చేసినట్టుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, “సగం మాటలు తెగిపోయాయి,” అంది.

షెడ్డులో హిల్డీ నడుం మీద చేతులు పెట్టుకుంది. “పడవల కంపెనీది, ఓడలకి పనికొచ్చేది, నీకు పనికిరాదా? ఆమె చెవుల్లో ఏమైనా ఉందేమో అడుగు.”

“ఆమె చెవులు బాగున్నాయి,” అన్నాడు వెండెల్. అని నాలిక కరుచుకున్నాడు.

నాలుగోది సైనికులు వాడే రకం. ఆ వారమంతా వెండెల్ వంటింట్లో గరిటె పట్టుకుని అభ్యాసం చేశాడు. గాల్లో లేవగానే అన్నాడు: “మీరు ఎక్కని రోజు విమానం తేలిగ్గా ఉండాలి. నాకు మాత్రం బరువుగా ఉంటుంది.”

ఈసారి కొరిన్ కిటికీలోంచి కిందికి చూసింది. కింద చెరువులు ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోయాయి. “బాగా దగ్గరికొచ్చింది,” అంది చివరికి. “ఇంకొక్క రకం చూడండి.”

ఆఖరి గురువారం వచ్చింది. కొరిన్ పెట్టెలన్నీ వెనక సీట్లో సర్దేశారు. అయిదో హెడ్‌సెట్‌ను హిల్డీ రాత్రంతా నీళ్ళ తొట్లో నానబెట్టి, ఆరబెట్టి, తమ్ముడి చేతికిచ్చింది.

నది దాటారు. అనుకున్న వాక్యాలన్నీ వెండెల్ బుర్రలోంచి ఎగిరిపోయాయి.

“గురువారం కోసమే మిగతా ఆరు రోజులూ ఎగురుతున్నాను,” అన్నాడు. “వెళ్ళిపోకండి. నన్ను పెళ్ళి చేసుకోండి.”

“అలాగే,” అంది కొరిన్.

విమానం ఒకసారి పల్టీ కొట్టబోయి ఆగింది. దిగేటప్పుడు మూడు గెంతులు గెంతింది. ఇంజను ఆగకముందే వెండెల్ కిందికి దూకి, ఏదో మొక్కుకున్నవాడిలా చక్రాల చుట్టూ పరిగెత్తాడు. హిల్డీ షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చింది.

“అక్కా, దొరికింది. ఇదే గట్టిది, ఇదే వినపడేది. ఆరు తెప్పించు. మిగతావన్నీ తిప్పి పంపెయ్.”

కొరిన్ హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని అతన్ని చూసి నవ్వింది.

“మొదటిదే తెప్పించు, దాన్లోనూ నీ ప్రతి మాటా గంట కొట్టినట్టు వినపడింది, వారం వారం నువ్వు బాగుపడుతుంటే మధ్యలో ఆపడం ఎందుకని ఊరుకున్నాను.”