పెట్టినోళ్లే తియ్యాలె

"మీ సాఫ్ట్‌వేర్ కోడ్‌లో నలభయ్యో లైన్ దగ్గర ఆగిపోతోంది" అని వనిత ఎవరైనా చూసి బాగుచేయగల ఒక ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ బృందానికి ఫిర్యాదు పెట్టేసింది. బాగుచేసినవాళ్ల జాబితాలో తన పేరు ఎక్కితే ఉద్యోగం దొరుకుతుందని ఆశ. కోడ్ రాసి పరీక్షించే ఐడీఈ సిద్ధం చేసుకోవడానికే నాలుగు రోజులు పట్టింది.

చంద్రపూర్ దగ్గరి మాజ్రి బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్ అయిన తండ్రి పోచన్న డ్యూటీ దిగి వచ్చి, ఆమె వెనక నిలబడి తెర చూశాడు.

"ఆ లైన్ పక్కన ఎర్ర చుక్క ఏంది బిడ్డా?"

"బ్రేక్‌పాయింట్, బాపూ. అక్కడ ఆపి లోపల చూద్దామని నేనే పెట్టిన."

"మా బొగ్గుబాయిల కరెంటు బంద్ చేసి ఎర్ర బోర్డు పెట్టినోడే మళ్ల తియ్యాలె. నువ్వు తీసినవా మరి?"

"అరే దేవా!"

చుక్క తీయగానే సాఫ్ట్‌వేర్ సాఫీగా నడిచింది.

సిగ్గుపడుతూ, ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని తెరిచింది. అప్పటికే కింద ఆరుగురు "మాకూ అక్కడే ఆగుతోంది" అని రాశారు. ఏడోవాడు ఆ లేని లోపాన్ని బాగుచేసి కూడా పంపాడు. జాబితాలో కొత్త పేరు చేరింది: "లోపం కనిపెట్టినవారు: వనిత, చంద్రపూర్."

"తప్పు నాదేనని వాళ్లకు రాసినవా?" అడిగాడు పోచన్న.

"చుక్క అయితే తీసేసిన బాపూ" అంటూ వనిత ల్యాప్‌టాప్ మూసేసింది.