ముప్ఫై ఏళ్ళ ఇల్లు

“తుప్పు చాల్లేదు,” అంది డార్కస్.

ఆల్విన్ కాగితం పొట్లం విప్పాడు. అతను ఆదిత్యపూర్‌లో ఓ చిన్న మెషీన్ షాపులో లేత్ పనివాడు. షాపు వెనక పడేసిన రేకుల మీంచి గీకి తెచ్చిన అసలు తుప్పు అది. జంషెడ్‌పూర్‌లో దేనికి కరువున్నా దానికి లేదు. ఫెవికాల్ నీళ్ళలో కలిపి, సన్నటి కుంచెతో బాత్రూమ్ గొట్టం కింద గోడ మీద ఒక్క చార దించాడు.

డార్కస్ చప్పట్లు కొట్టింది. “అచ్చం! వానొత్తే అక్కడే కదా కారేది!”

వాళ్ళు చేస్తున్నది ఓ ఇల్లు. మంచం కింద పట్టేంత ఇల్లు. గోడలు అట్టవి. కిటికీ చువ్వలు చీపురు పుల్లలు. పెరట్లో మట్టికి బదులు, వాడేసి ఎండబెట్టిన టీ పొడి. బొప్పాయి చెట్టుకి స్పాంజి ఆకులు. కట్టడం తొందరగానే అయిపోయింది. పాతబడినట్టు చెయ్యడమే ఎంతకీ తెమలడం లేదు. రంగు మీద ఎండ, ఎండ మీద మురికి, మురికి మీద పాచి ఎక్కించాలి. పిట్టగోడ పాచి కోసం రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు పట్టించి, చిటికెలతో చల్లి, ఊది, మళ్ళీ చల్లారు. సగం పాచి ఆల్విన్ జుట్టులోనే ఉండిపోయింది.

ఇదంతా అగ్రికో కాలనీలో, డార్కస్ పిన్ని బాలకుమారి క్వార్టర్ వరండాలో. అక్కడ వెలుతురు బాగుంటుందని ఆదివారం ఆరాధన కాగానే ఇద్దరూ వచ్చి వాలేవారు. ఇక పిన్ని చెవులు మూసుకోవాల్సిందే.

“ఏవండీ, గేటు పక్కన గోడ పెచ్చులూడాలి. మీరు స్కూటర్ గుద్దీసేరు కదా?”

‘ఏవండీ’ అని ఆమె అన్నప్పుడల్లా ఆల్విన్ చెవులు ఎర్రబడేవి.

“నానా? నువ్వే నేర్చుకుంతానని తీసి గుద్దీసేవు.”

“చల్, ఝూఠా!”

వంటగది తలుపు చట్రం మీద సూది మొనతో రంగు గీతలు గీశారు. పిల్లల ఎత్తులు. ఎర్రవి సుకీర్తివి, నీలంవి జాకీవి.

“జాకీ ఏడో క్లాసుకే అక్కని దాటీసేడు,” అంది డార్కస్.

“అంత లేదు. సుకీర్తి నా పోలిక. పొడుగు.”

“అయితే ఆ ముక్కు కూడానా? దేవుడా!”

ఆమె అతని ముక్కు మీద నీలం చుక్క పెట్టింది. అతను అలాగే ఉంచుకుని పని చేశాడు.

గొడవ వంటగది గోడ దగ్గర మొదలైంది. ఆల్విన్ పొయ్యి వెనక ఓ పెద్ద మచ్చ వేశాడు. మధ్యలో నలుపు, చుట్టూ పసుపు.

“ఏటది?”

“నువ్వు పప్పు గిన్నె ఇసిరేవు కదా, దాని మచ్చ.”

“నానెందుకు ఇసురుతాను?”

“నాను లేటుగా వచ్చేనని.”

డార్కస్ చేతిలో పని ఆగింది. “ఎంత లేటు?”

ఆల్విన్ నవ్వాడు. అదే పొరపాటైంది. “బాగా లేటు. ఓవర్‌టైమ్.”

“ఫోన్ ఎందుకు చెయ్యలేదు?”

“చార్జింగ్ అయిపోయింది.”

“షాపులో ఇంకెవరికీ ఫోన్ లేదేటి? సచ్ బోలో. ఎక్కడికెళ్ళేవు?”

“సాక్చి బజారుకి. దోస్తులు పట్టుకెళ్ళీసేరు,” అనేశాడు ఆల్విన్. ఎందుకన్నాడో అతనికే తెలీదు.

డార్కస్ కుంచెని నీళ్ళ గ్లాసులో పడేసి లేచింది. “పిన్నీ! నాను పిల్లల్ని పెట్టుకుని ఎదురు చూత్తంటే, ఈయన సాక్చిలో దోస్తుల్తో తిరుగుతన్నారట!”

బాలకుమారి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. మచ్చని చూసింది. ఇద్దరి మొహాలూ చూసింది. అంతే, నవ్వడం మొదలెట్టింది. గోడకి జారబడి, కొంగు నోట్లో కుక్కుకుని, నేల మీద కూలబడి మరీ నవ్వింది.

“నవ్వకు పిన్నీ, నాకు నిజంగానే కోపమొత్తంది!” అంది డార్కస్. నిజంగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆల్విన్ తడి గుడ్డ తీసి గబగబా మచ్చ తుడవబోయాడు.

“తుడవకు. ముప్ఫయ్యేళ్ళ ఇంట్లో వంటగోడ అంత తెల్లగా ఉంటాదేటి? ముందు సారీ సెప్పు,” అంది డార్కస్.

“సారీ. లేటైతే ఫోన్ చేత్తాను. ఎవరి ఫోన్ అడిగైనా చేత్తాను.”

“నాను ఇన్నాను బాబూ, మాట తప్పకు,” అంది బాలకుమారి నేల మీంచే, కళ్ళు తుడుచుకుంటూ.

డార్కస్ ముక్కు ఎగబీల్చి, గోరంత కేలండర్ కత్తిరించి మచ్చ మీద అంటించింది. మచ్చ అంచు ఇంకా కొంచెం కనబడుతూనే ఉంది. అలాగే బాగుందనుకున్నారు ఇద్దరూ.

ఇల్లు పూర్తయ్యాక, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కారు. ఖర్కాయి నది వంతెన మీద గాలికి బొప్పాయి చెట్టు ఊగిపోయింది. డార్కస్ “అయ్యో అయ్యో” అంటూ రెండు చేతులూ అడ్డుపెట్టింది. ఆటో డ్రైవర్ అద్దంలోంచి చూసి, ఇల్లెంత పాతదని అడిగాడు.

“కిత్నా పురానా మకాన్ హై, దీదీ?”

“తీస్ సాల్,” అంది ఆమె ఠక్కున.

“బచ్చే?”

“దో,” అని రెండు వేళ్ళు చూపించాడు ఆల్విన్ ఛాతీ విరుచుకుని. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు.

ఆదిత్యపూర్‌లో ఊరి చివర దిగారు. అక్కడ తాపీమేస్త్రి అప్పలసూరి వాళ్ళ కోసమే కాచుకుని ఉన్నాడు. బొమ్మ ఇంటిని రెండు చేతులతో అందుకుని, గొట్టం కింద తుప్పు, పిట్టగోడ పాచి, తలుపు మీద గీతలు, అన్నీ వంగి వంగి చూశాడు.

“అంతా బాగుంది గానీ బాబూ, ఈ బోడి జాగాలో నానింకా పునాదైనా తవ్వనేదు, మీకు పెళ్ళైనా అవ్వనేదు, అప్పుడే గోడలకి పాచి పట్టించీసేరేటి?” అన్నాడు.