కిందికి లాగిన ముప్పై

బూజెమా తన పేరు పక్కన ముప్పై మార్కులు దొంగతనంగా కలుపుకున్నాడు.

అల్జీర్స్‌కి నాలుగు గంటల దూరంలోని ఆ ఊళ్లో సర్కారు కట్టిన ఫ్లాట్లు నలభై, అర్జీలు ఆరువందలు. ఎంతమంది పిల్లలు, ఎన్ని గదులు, ఎన్నేళ్ల ఎదురుచూపు, అన్నిటికీ మార్కులున్నాయి. ఎక్కువ వచ్చిన నలభై మందికి తాళంచెవులు. ఆ పట్టిక కంప్యూటర్లో నడిపేది బూజెమాయే. అతనికీ ఒక తాళంచెవి కావాలి. వర్దాతో నిశ్చితార్థమై నాలుగేళ్లయింది. ఈ వేసవిలోగా ఇల్లు చూపించకపోతే వేరే సంబంధం చూస్తానని ఆమె తల్లి తెగేసి చెప్పింది.

తనంత తెలివైనవాడు జిల్లాలో లేడని అతని నమ్మకం. అందరి మార్కులూ చూసుకుని, గడువు చివరి రోజున, అందరికంటే కింద తన అర్జీ ఎక్కించాడు. తన వరుసలో ఫార్ములా చివర ముప్పై తగిలించాడు. గడిలో కనపడేది మొత్తమే, ఫార్ములా ఎవడు తెరిచి చూడొచ్చాడు? సరిగ్గా నలభయ్యో స్థానం వచ్చింది. మొదటి స్థానం కొట్టేస్తే జనానికి అనుమానం రాదూ.

ఎదురు బల్ల జహియాకి వచ్చే ఏడు రిటైర్మెంటు. ఈ మార్కులన్నీ ముప్పయ్యేళ్లు చేత్తో కూడిన మనిషి. ఆవిడకి మౌస్ పట్టుకోవడం రాదని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వడం బూజెమాకి రోజూ ఉండే కాలక్షేపం.

ఒక పొద్దున ఆవిడ ఏడు ఫైళ్లు తెచ్చింది. బీరువా వెనక పడిపోయాయట. గడువులోపు వేసిన ముద్ర ఉంది, ఎక్కించక తప్పదు. ఒంటివేలితో గంటన్నర కొట్టి, బూజెమా పేరు కింద ఏడు వరుసలు నింపింది. ఇక మొత్తాలు ఎలా తెప్పించాలో తెలియడం లేదని బతిమాలింది.

“ఇదేం బ్రహ్మవిద్య కాదు పిన్నీ,” అంటూ బూజెమా మౌస్ లాక్కున్నాడు. “పై గడి మూలన చుక్కుందే, అది పట్టుకుని కిందికి లాగడమే. మేకకైనా వస్తుంది.”

ఏడు వరుసలూ తనే సర్రున లాగిపడేసి, అంకెల వంక చూడనైనా చూడకుండా కాఫీకి వెళ్లిపోయాడు. కంప్యూటర్ కూడిందంటే కమిటీ పెద్దలకి అది వేదం. కళ్లు మూసుకుని సంతకాలు పెట్టారు.

గురువారం జాబితా గోడకెక్కింది. పోలీసుల నడుమ, తోపులాటలో, బూజెమా దర్జాగా నలభయ్యో పేరు చూశాడు. తనది కాదు. వెతగ్గా వెతగ్గా నలభై ఏడులో దొరికింది.

పరుగున వచ్చి పట్టిక తెరిచాడు. ఆ ఏడు వరుసల్లోనూ ముప్పై కూర్చుని ఉంది. తన గడిలోంచే దిగింది, తన చేత్తోనే. ఏడుగురూ అతన్ని దాటిపోయారు. ఇక వర్దా తల్లికి ఏం చెప్పాలి?

“అభ్యంతరం రాస్తావా నాయనా?” అంది జహియా. “ఎనిమిది రోజులు గడువుంది. ఫారం ఇవ్వనా?”

రాస్తే కమిటీ ఫార్ములాలు తెరుస్తుంది. తెరిస్తే ఇల్లు కాదు, జైలు. బూజెమా తల అడ్డంగా ఊపాడు.

“పాడు ఫైళ్లు,” అన్నాడు. “బీరువా వెనకే ఉండిపోయినా బాగుండేది.”

“బీరువా వెనకెక్కడ, నా సొరుగులోనే ఉన్నాయి. ఏడుగురూ మా అక్కచెల్లెళ్ల బిడ్డలే. నువ్వు ముప్పై కలుపుకునేదాకా ఆగి, చేత్తో కూడి చూసుకుని, అప్పుడు తీశాను.”