ముప్పై ఒకటి

గంట మోగింది. పిల్లలు ఒక్కొక్కరే కెమిస్ట్రీ ల్యాబ్‌లోంచి బయటికి వస్తున్నారు.

గుమ్మం పక్కన ముసలి అటెండరు చూపుడువేలు ఆడిస్తూ లెక్కపెడుతున్నాడు. భుజాన తడిపి పిండిన తెల్లగుడ్డ. అది ఎందుకో ఎవరికీ తెలియదు.

“ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... ముప్పై...”

అందరికంటే చివర ఒక కొత్త అమ్మాయి వచ్చింది. ముసలాయన వేలు గాల్లోనే ఆగిపోయింది.

“ముప్పై ఒకటి,” అన్నాడు, పైకి వినిపించీ వినిపించకుండా.

తలుపు మూసి తాళం వేశాడు. ఆ తలుపుకే నుదురు ఆనించి నిలబడిపోయాడు.

“ఇన్నాళ్ళకి తాత లెక్క కుదిరిందిరోయ్!” ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

“కుదరడమేంటి?” కొత్తమ్మాయి పక్కనున్న పిల్లని అడిగింది.

“మేం ముప్పై మందిమే. అయినా ఆయనకి రోజూ ముప్పై ఒకటే! అందరం వచ్చేశాక కూడా తలుపు తెరిచి పట్టుకుని నిలబడతాడు, లోపల ఇంకెవరో ఉన్నట్టు. కాసేపాగి ఆ అంకె గొణిగి తాళం వేస్తాడు.”

“ఎవరికోసం?”

“ఏమో తల్లీ. నీకోసమేనేమో!”

కొత్తమ్మాయి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆమె ఫిజిక్స్ తీసుకోవడం ఖాయం. దానితోపాటు కెమిస్ట్రీ కూడా తీసుకోవాలా, వద్దా అన్నదే తేలడం లేదు. అలా తేల్చుకోలేనివాళ్ళకి ఆ బడిలో ట్రయల్ వారం ఉంటుంది. వారం రోజులు క్లాసులో కూర్చోవచ్చు. హాజరుపట్టీలో మాత్రం పేరుండదు. వారం చివర ఫారం ఇచ్చేయాలి. దాని మీద తండ్రి సంతకం, పాఠం చెప్పేవారి సంతకం రెండూ ఉండాలి.

“నా సంతకం పెట్టేశాను. గళ్ళు నువ్వే నింపుకో,” అన్నాడు వాళ్ళ నాన్న. “ఏదైనా పేలిస్తే మాత్రం నేనెవరో తెలీదని చెప్పు.”

రెండో రోజు అటెండరు ఆమె బెంచీ దగ్గరికి వచ్చాడు.

“తలుపు దగ్గర కూర్చోమ్మా.”

“ఇక్కడ బాగానే ఉంది తాతా.”

“పోనీ, లోపలి గదిలోకి ఒక్కదానివే వెళ్ళకు. వెళ్తే నాకు చెప్పి వెళ్ళు.”

మూడో రోజు ఆమె చేతులు కడుక్కుని వెనక్కి తిరిగేసరికి ఆయన వెనకే నిలబడి ఉన్నాడు.

నాలుగో రోజు క్లాసు జరిగినంతసేపూ తలుపు అద్దంలోంచి ఆమెనే చూశాడు. రెప్ప వేయలేదు.

గంట మోగగానే ఆమె లేచింది. తిన్నగా ఆఫీసుకి వెళ్ళింది.

“ఆయన నన్నే చూస్తుంటాడు సార్. భయమేస్తోంది.”

ముసలి గుమాస్తా ఏదో చెప్పబోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“సరేనమ్మా. రేపట్నుంచి ఆయన్ని గేటు దగ్గర ఉండమంటాను.”

మర్నాడు ల్యాబ్ గుమ్మంలో ఎవరూ లేరు. ఆమెకి ప్రాణం కుదుటపడింది.

క్లాసు సగంలో పరీక్షనాళిక కోసం లోపలి గదిలోకి వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు.

బయట ఏదో భళ్ళుమంది. రాగిముక్కల పళ్ళెం మీద యాసిడ్ సీసా పడింది. గోధుమరంగు పొగ తలుపు సందులోంచి లోపలికి వచ్చింది.

“అందరూ బయటికి! బయటికి!” కెమిస్ట్రీ మేడం కేక.

బెంచీల చప్పుడు. పరుగులు. మళ్ళీ ఎవరూ లోపలికి రాకుండా తాళం పడిన చప్పుడు.

వరండాలో మేడం హాజరు పిలుస్తోంది. ముప్పై పేర్లు. ముప్పై జవాబులు.

“అమ్మయ్య, అందరూ ఉన్నారు. గ్రౌండ్‌లోకి పదండి!”

అమ్మాయి అరవబోయింది. దగ్గు తప్ప మాట రాలేదు. మోకాళ్ళ మీద కూలబడింది. అడుగుల చప్పుడు దూరమైపోయింది.

ఎంతసేపైందో తెలియదు. పొగలోంచి ఎవరో అంకె పలకడం వినిపించింది.

“ముప్పై...”

మళ్ళీ అదే.

“ముప్పై... ముప్పై...”

గొంతు దగ్గరికి వస్తోంది. మనిషి కనిపించడం లేదు. ఒక చేయి ఆమె భుజాన్ని తడిమి పట్టుకుంది. ముఖం మీద చల్లగా తడిగుడ్డ పడింది.

“ముప్పై ఒకటి,” అంది ఆ గొంతు.

తాత గేటు దగ్గర నిలబడి, గ్రౌండ్‌లోకి వచ్చిన పిల్లల్ని లెక్కపెట్టాడట. ముప్పై దగ్గర లెక్క ఆగిపోయేసరికి పరుగెత్తాడట. ఆఫీసువాళ్ళు ఎన్నిసార్లు అడిగినా తిరిగివ్వని ల్యాబ్ తాళంచెవి ఇంకా జేబులోనే ఉందట.

ఆమెకి రెండు రోజులు దగ్గొచ్చి తగ్గిపోయింది. తడిగుడ్డ ఒక్కటే. అది ఆమె ముఖం మీద ఉంది.

మూడో రోజు తాత ఆస్పత్రిలో పోయాడు.

ఫారాలకి గడువు పెంచారు. రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టి అమ్మాయి ఆఫీసుకి తీసుకెళ్ళింది. ఇచ్చాక కూడా కదల్లేదు.

“ఆయన ఎవరు సార్?”

గుమాస్తా ఆ ఫారం వంక చూశాడు.

“ఇరవై రెండేళ్ళ కిందట ఈ బళ్ళో కెమిస్ట్రీ మాస్టారు. ఒకరోజు ఇలాగే పొగొచ్చింది. పిల్లల్ని బయటికి తెచ్చి హాజరు పిలిచారు. ముప్పై మందీ పలికారు. తలుపు మూసేశారు.”

“మూసేస్తే?”

“లోపల ట్రయల్ వారం పిల్ల ఉండిపోయింది. పట్టీలో పేరు లేదు కదమ్మా. మాస్టారు ఉద్యోగం వదిలేశారు. ఏడాది తర్వాత వచ్చి, ఆ గుమ్మం దగ్గర నిలబడే పనేదైనా ఇమ్మన్నారు.”

“ఆ పిల్ల... ఎవరి పిల్ల సార్?”

గుమాస్తా లేచాడు. బీరువా తెరిచి, అడుగునున్న పాత ఫారం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు.

ఫిజిక్స్ గడిలో టిక్కు ఉంది, కెమిస్ట్రీ గడి ఖాళీగా ఉంది, కింద తండ్రి సంతకం, మాస్టారి సంతకం రెండూ ఒకే చేత్తో పెట్టి ఉన్నాయి.