చైత్ర పాలపన్ను

"మా పన్ను మాకిచ్చేయండమ్మా!"

బేరిగై నుంచి వచ్చిన నంజమ్మ కొంగు నడుముకు దోపి ల్యాబ్ గుమ్మంలోనే నిలబడింది. లోపల పరిశోధన చేసుకుంటున్న తేజస్వినికి ఏమీ అర్థం కాలేదు. హోసూరులోని ఆ డెంటల్ కాలేజీకి పళ్లు పీకించుకుని పోయేవాళ్లే గానీ, తిరిగిమ్మని వచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

"ఏ పన్ను అవ్వా?"

"మూణ్ణెల్ల ముందర బడికాడికొచ్చి, మా చైత్ర పాలపన్ను కావల్లని అడగలేదా? సీసాలో ఏసి నేనే ఇస్తిని కదా!"

తేజస్వినికి చప్పున గుర్తొచ్చింది. చైత్ర పన్ను! ముక్కలై వచ్చినా, లోపలి గుజ్జులో మూలకణాలు బతికే ఉన్నాయి. అలాంటి కణాల నుంచి నరాలు మొలిపించడమే ఆమె పరిశోధన. తక్కిన పిల్లల కణాలు నెలల తరబడి నసుగుతుంటే, చైత్రవి వారానికే నరం పోగులు చాచాయి. ఎందుకో ఆమెకూ తెలియదు, విభాగాధిపతి ఉదయ్ కుమార్ గారికీ తెలియదు. ఇద్దరూ తలలు పట్టుకున్నారు. అయినా ఆ ఒక్క ఫలితం మీదే పేపరు రాశారు. వచ్చేవారం ఆమె అసోసియేట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు కూడా అదే ఆధారం.

"ఇప్పుడెందుకవ్వా అది?"

"ఊడిన పన్ను ఇంటిమింద ఏస్తేనే కదా కొత్తది వచ్చేది? మీకిచ్చినాము, ఇంగా రాలేదు. ఏం పెట్టినా నమల్లేదు. చిక్కి సగమైపోయింది. చూస్తాంటే నా కడుపు తరుక్కుపోతాది."

తేజస్వినికి మరింత అయోమయం. అంత చురుకైన కణాలున్న నోట్లో మూడు నెలలైనా కొత్త పన్ను రాకపోవడమేమిటి? ఏదైనా జబ్బా? లేక తన పరిశోధనే తప్పా? నంజమ్మను చూస్తే జాలేసింది, ఇంటర్వ్యూ తలుచుకుంటే చెమటలు పట్టాయి.

"పన్ను మిగల్లేదవ్వా, గుజ్జంతా తీసేశాం. నోరు చూస్తే ఏమైనా చెప్పగలను. ఓసారి తీసుకురండి."

"ఈడికే వచ్చుండాది కదా! కింద మా కొడుకు ఆటోలో ఉండాది."

ఆ పాపను చూపించమని నెల రోజులుగా కబురు మీద కబురు పెడుతున్నా ఎవరూ పలకలేదు. దేవుడే పంపాడనుకుంది తేజస్విని. గ్లవ్స్, టార్చి అందుకుని గబగబా మెట్లు దిగింది. వెనకాలే ఆయాసపడుతూ నంజమ్మ.

ఆటోలో పాప లేదు. సీటు ముందు గొర్రెపిల్ల ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది.

"చైత్ర ఏదవ్వా?"

"బడికి పోయింది," అంటూ నంజమ్మ గొర్రెపిల్ల మూతి పైకెత్తి, కింది పెదవి విప్పి చూపించింది. "బిడ్డ పన్ను పరాయోళ్ల చేతికి ఎట్లిస్తామమ్మా? ఆ పొద్దు మీకిచ్చింది దీనిదే."